సమస్తిపూర్ కుట్ర కేసు: నలభై ఏళ్ళ విచారణ ఎవరికి న్యాయం చేసినది?

(పల్సానా, సూరత్ జిల్లా నుండి)



1975 జనవరి 2వ తేదీన బీహార్ రాష్ట్రంలోని సమస్తిపూర్ రైల్వేస్టేషనులో, సమస్తిపూర్–ముజఫర్‌పూర్ బ్రాడ్‌గేజి మార్గ ప్రారంభోత్సవ వేదిక వద్ద బాంబు ప్రేలినది. నాటి రైల్వే మంత్రి లలిత్ నారాయణ్ మిశ్రా తీవ్రంగా గాయపడి, మరునాడు దానాపూర్ రైల్వే ఆసుపత్రిలో మరణించారు. ఆయనతోపాటు మరి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఒకరు బీహార్ శాసనమండలి సభ్యుడు సూర్యనారాయణ్ ఝా. రెండవవారు ఒక రైల్వే గుమాస్తా. ఇది మంత్రిగారి హత్య కేసుగానే చరిత్రలో నిలిచినది. మనవాడైన ఆ గుమాస్తాను తలచుకొనేవారు అరుదు.

ఆ బాంబు వేసినది ఎవరన్న ప్రశ్నకు క్రింది కోర్టు సమాధానం 2014 డిసెంబరు 8వ తేదీన వచ్చినది. అనగా ముప్పయి తొమ్మిది సంవత్సరాల పదకొండు మాసాల ఆరు దినాల తరువాత. ఆ నెలలో ఇరవయ్యేళ్ళ వయస్సులో రైల్వేలో చేరిన కార్మికుడు సర్వీసంతా పూర్తిచేసుకొని, పదవీ విరమణ అంచున నిలిచిన వేళకు ఈ కేసులో మొదటి తీర్పు వెలువడినది. అదియు అంతిమ తీర్పు కాదు. శిక్షపడినవారు ఢిల్లీ హైకోర్టుకు అప్పీలు చేసుకున్నారు.

ఈ ఘటన జరిగి 2025 జనవరికి యాభై సంవత్సరాలు నిండినవి. ఈ కేసు నేర్పిన పాఠం పాతబడలేదని, ముఖ్యంగా గుజరాత్‌లో పనిచేస్తున్న తెలుగు ఉద్యోగులకు, కార్మికులకు అది నేటి పాఠమని చెప్పుటకే ఈ వ్యాసం.

మనకెందుకీ గొడవ అనేవారికి

ఈ విషయం ఎత్తగానే మన సభ్యులలో రెండు రకాల అభ్యంతరాలు వినిపిస్తూ ఉంటాయి. మొదటిది: “1974 సమ్మెను అణచినది ఈ మంత్రిగారే కదా? ఆయన హత్య గురించి రైల్వే కార్మికులు ఎందుకు బాధపడవలె?” రెండవది: “ముద్దాయిలు ఆనందమార్గీయులు. వారు మన సంఘంవారు కారు, మన భావాలవారూ కారు. వారికి న్యాయం జరిగినదా లేదా అన్నది మనకెందుకు?”

ఈ రెండు వాదాలూ కార్మికోద్యమానికి తగినవి కావు. మొదటిదానికి జవాబు సూటిగా చెప్పవలసి ఉన్నది. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన అఖిలభారత రైల్వే సమ్మె బోనసు కొరకు, ఎనిమిది గంటల పనిదినం కొరకు, ప్రభుత్వరంగ సంస్థల కార్మికులతో సమానమైన జీతాల కొరకు జరిగినది. సమ్మె ప్రారంభం కాకముందే, మే 2వ తేదీన, అఖిలభారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్‌ను లక్నోలో నిర్బంధించారు. వేలాది కార్మికులను జైళ్ళలో కుక్కారు. క్వార్టర్ల నుండి కుటుంబాలను వీధిలోకి నెట్టారు. విచారణ లేకుండా ఉద్యోగాలు తీసివేశారు. దీనికి మంత్రిగారూ, ఆయన ప్రభుత్వమూ బాధ్యులే. ఆ బాధ్యతను మనం ఎన్నడూ మరువలేదు.

కాని మన లెక్క మంత్రితో ఏదైనా ఉంటే అది సమ్మె ద్వారా, సంప్రదింపుల ద్వారా, ఓటు ద్వారా తేల్చుకొనవలసిన లెక్క. బాంబు ఏ కార్మికుని కోరికనూ తీర్చదు. వేదికపై మంత్రి మాత్రమే ఉండడు. ఫైలు పట్టుకొని నిలబడిన గుమాస్తా ఉంటాడు, పూలమాల తెచ్చిన ప్యూను ఉంటాడు, ప్లాట్‌ఫారంపై జెండా పట్టుకొన్న పోర్టరు ఉంటాడు. సమస్తిపూర్‌లో జరిగినది అదే. బోనసు విషయమే తీసుకొనండి. అది 1979లో ఉత్పాదకతతో ముడిపడిన బోనసుగా రైల్వే కార్మికులకు దక్కినది. సంఘబలమే దానిని సాధించినది. హత్యా రాజకీయం కార్మికోద్యమానికి పగవాడే గాని మిత్రుడు కాదు.

రెండవ వాదానికి జవాబు ఈ కేసు చరిత్రలోనే ఉన్నది.

దర్యాప్తు దారి మారిన తీరు

హత్య జరిగిన వెంటనే పాలకపక్షం దానిని నాటి ప్రతిపక్ష ఉద్యమాలు సృష్టించిన హింసా వాతావరణానికి అంటగట్టినది. ప్రతిపక్షం ప్రభుత్వం వైపు వేలు చూపినది. గాయపడిన మంత్రిని సమీపంలోని దర్భంగా వైద్య కళాశాలకు గాక, రైలులో అంత దూరాన ఉన్న దానాపూర్‌కు ఎందుకు తీసుకొనిపోయారన్న ప్రశ్న ఆనాడే లేచినది. నేటికీ తృప్తికరంగా సమాధానపడలేదు.

మొదట బీహార్ పోలీసులు ఇద్దరు యువకులను పట్టుకున్నారు. వారు మేజిస్ట్రేటు ఎదుట నేరం ఒప్పుకున్నారు. అటుపిమ్మట కేంద్ర దర్యాప్తు సంస్థ కేసును చేతిలోనికి తీసుకున్నది. ఆ దారి మూతపడినది. కొత్త దారి తెరుచుకున్నది. జైలులో ఉన్న తమ గురువు విడుదల కొరకు ఆనందమార్గీయులు కుట్ర పన్నారని, ఆ కుట్రలో భాగంగానే బాంబు వేశారని కొత్త కథనం వచ్చినది. 1975 నవంబరులో అభియోగపత్రం దాఖలైనది. అప్పటికి ఎమర్జెన్సీ విధించబడి ఉన్నది. ఆనందమార్గ సంస్థ నిషేధించబడి ఉన్నది. పత్రికలపై సెన్సారు ఉన్నది. ప్రశ్నించవలసినవారిలో అనేకులు తామే జైలులో ఉన్నారు. అట్టి వాతావరణంలో తయారైన అభియోగపత్రాన్ని కన్నులు మూసుకొని నమ్మవలెనని చెప్పగలవారెవరు?

ఎమర్జెన్సీ పోయిన తరువాత బీహార్ ప్రభుత్వం కోరికపై పౌరహక్కుల నాయకుడు, మాజీ న్యాయమూర్తి వి.యం. తార్కుండే ఈ కేసు పత్రాలను పరిశీలించారు. ఆనందమార్గీయులను ఇందులో అన్యాయంగా ఇరికించారన్నదే 1979లో ఆయన ఇచ్చిన నివేదిక సారాంశం. ఇద్దరు వేర్వేరు జట్ల ముద్దాయిలు, రెండు వేర్వేరు కథలు. ఒక బాంబుకు రెండు కథలూ నిజం కాలేవు. కావున ఏదో ఒక దర్యాప్తు అబద్ధాన్ని నిజం చేయ యత్నించినదని సామాన్య జ్ఞానం ఉన్నవాడెవడైనా గ్రహించగలడు. చనిపోయిన మంత్రిగారి కుటుంబ సభ్యులే ఆనందమార్గీయులు నేరస్థులన్న మాటను అంగీకరించలేదు. అసలు కుట్రదారులు దొరకలేదన్నదే వారి ఆవేదన. హతుని బంధువులు ఒకవైపు, ప్రాసిక్యూషన్ మరొకవైపు నిలిచిన కేసులు ఎన్ని ఉంటాయి?

విచారణ ఎట్లు నడిచినది

1979 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ కేసును బీహార్ నుండి ఢిల్లీకి బదిలీ చేసినది. ముద్దాయిలపై అభియోగాలు 1981లో గాని ఖరారు కాలేదు. ప్రాసిక్యూషన్ వైపున 161 మంది సాక్షులను విచారించారు. ఇరవై మందికి పైగా న్యాయమూర్తులు ఒకరి తరువాత ఒకరుగా ఈ కేసును చేపట్టి, బదిలీపైనో పదవీ విరమణపైనో వెళ్ళిపోయారు. సాక్షి చెప్పినప్పుడు అతని ముఖం చూచినవారు ఒకరు. తీర్పు వ్రాసినవారు మరొకరు. విచారణ ముగియకముందే ఒక ముద్దాయి మరణించాడు. డిఫెన్సు పక్షాన చెప్పవలసిన సాక్షులనేకులు కాలగర్భంలో కలిసిపోయారు.

ముద్దాయిలలో ఒకరైన న్యాయవాది రంజన్ ద్వివేది ఇరవైలలో అరెస్టయ్యాడు. అరవైలు దాటిన తరువాత, ఇంతకాలం విచారణ సాగించుట రాజ్యాంగంలోని 21వ అధికరణకు విరుద్ధమని, కేసు కొట్టివేయవలెనని సుప్రీంకోర్టును అర్థించాడు. 2012 ఆగస్టులో కోర్టు ఆ అభ్యర్థనను నిరాకరించినది. వాయిదాలకు ముద్దాయిలే చాలవరకు కారణమని అభిప్రాయపడుతూ, ఇక దినదినమూ విచారణ జరిపి ముగించవలసినదిగా క్రింది కోర్టును ఆదేశించినది. 2014 డిసెంబరు 18న నలుగురికి యావజ్జీవ శిక్ష పడినది. మిశ్రాగారి వారసులకు, ఆయనతోపాటు మరణించిన ఇద్దరి వారసులకు తలా 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించవలసినదిగా బీహార్ ప్రభుత్వాన్ని కోర్టు ఆదేశించినది.

ఇక్కడ ప్రతిపక్షులు ఒక మాట అంటారు: “సుప్రీంకోర్టే చెప్పినది కదా, ఆలస్యం ముద్దాయిల వల్లనే అని. వారి తప్పుకు వ్యవస్థను నిందించుట ఏమి న్యాయం?” ఈ మాటకు విలువ లేకపోలేదు. ముద్దాయిలు వాయిదాలు కోరినారు, పై కోర్టులకు పోయినారు. కాని మన శాఖా కార్యాలయాలలో ఒక చార్జిషీటు కేసు నడిపిన ఏ కార్యకర్తనైనా అడగండి. వాయిదా అడుగువాడు ఉద్యోగి కావచ్చును, ఇచ్చువాడు విచారణాధికారి. అభియోగాల ఖరారుకు పట్టిన ఆ మొదటి ఆరు సంవత్సరాలు ముద్దాయిల చేతిలో ఉన్నవా? ఇరవై మంది న్యాయమూర్తుల బదిలీ ఉత్తర్వులు వారే టైపు చేసినారా? 161 మంది సాక్షుల జాబితా వారే వ్రాసినారా? ఒక రైలు నలభై గంటలు ఆలస్యమైతే, ఒక స్టేషనులో ప్రయాణికుడు గొలుసు లాగినాడని మాత్రమే నివేదిక వ్రాసిన కంట్రోలరును మన డివిజనల్ అధికారులు క్షమిస్తారా?

1979లోనే, అదే బీహార్ జైళ్ళలో మగ్గుతున్న విచారణ ఖైదీల విషయమై హుస్సేనారా ఖాతూన్ కేసులో, సత్వర విచారణ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చాటినది. 1991లో అంతులే కేసులో అదే సూత్రాన్ని విపులీకరించినది. అయితే విచారణకు నిర్ణీత కాలపరిమితి విధించుటకు అంగీకరించలేదు. 2002లో రామచంద్రరావు కేసులోను అదే మాట స్థిరపరచినది. హక్కు ఉన్నది, గడువు లేదు. గడువు లేని హక్కు చెల్లింపు తేదీ లేని చెక్కు వంటిది. దానిని పోస్టాఫీసు కౌంటరు వద్ద ఏ గుమాస్తా స్వీకరిస్తాడు?

కుట్ర అనే ఆయుధం

ఇట్టి కేసు ఇంతకాలం నిలబడుటకు మూలం కుట్ర చట్టంలోనే ఉన్నది. శిక్షాస్మృతిలోని 120-ఎ, 120-బి సెక్షన్లను వలస ప్రభుత్వం 1913లో చేర్చినది. ఇద్దరు కలిసి నేరం చేయుటకు ఒప్పుకొంటే చాలు, ఆ ఒప్పందమే నేరం. సాక్ష్య చట్టంలోని 10వ సెక్షను ప్రకారం, ఇద్దరు ముగ్గురు కుట్ర పన్నినారనుటకు సహేతుకమైన ఆధారం ఉంటే, వారిలో ఒకడు ఆ ఉద్దేశాన్ని గురించి పలికినది, చేసినది, వ్రాసినది మిగిలినవారిపై సాక్ష్యమవుతుంది. అనగా నీవు చూడని ఉత్తరం, నీవు వినని మాట నీ మెడకు చుట్టుకొనవచ్చును.

దీనికి తోడు అప్రూవరు. ముద్దాయిలలో ఒకనికి క్షమాభిక్ష ఆశ చూపి, మిగిలినవారిపై సాక్షిగా నిలబెట్టు పద్ధతి ఇది. సమస్తిపూర్ కేసులో ప్రాసిక్యూషన్ కథకు ప్రధాన స్తంభం ఇట్టి అప్రూవరు సాక్ష్యమే. తన తల కాపాడుకొనుటకు మాట్లాడువాడు ఎదుటివాని తల గురించి నిజమే చెప్పునన్న నమ్మకం ఏమిటి? 1872 నాటి సాక్ష్య చట్టం ఈ విషయంలో రెండు నాలుకలతో మాట్లాడినది. ఒక సెక్షనులో, బలపరచే సాక్ష్యం లేకపోయినా అప్రూవరు మాటపై వేసిన శిక్ష చట్టవిరుద్ధం కాదన్నది. మరొక సెక్షనులో, అతడు నమ్మదగినవాడు కాడని కోర్టు భావించవచ్చునన్నది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 138వ సెక్షనులో, బలపరచబడిన సాక్ష్యం అన్న మాట చేర్చబడినది. నూటయాభై సంవత్సరాల తరువాత వచ్చిన ఈ మార్పును మనం ఆహ్వానించవలె. అయితే కుట్ర నేరం భారతీయ న్యాయ సంహిత 61వ సెక్షనులో చెక్కుచెదరక నిలిచి ఉన్నది. పాత 10వ సెక్షను కొత్త చట్టంలో 8వ సెక్షనుగా కొనసాగుతున్నది. ఇంటి నంబరు మారినది, ఇల్లు మారలేదు.

ఈ ఆయుధం ఎవరిపై ప్రయోగించారో మన ఉద్యోగులు మరువరాదు. 1929 మార్చిలో మీరట్ కుట్ర కేసు పెట్టినది కార్మిక నాయకులపైనే. జి.ఐ.పి. రైల్వే కార్మిక నాయకుడు జోగ్లేకర్ ఆ ముద్దాయిలలో ఒకరు. 1933 జనవరి వరకు సాగిన ఆ విచారణలో ప్రాసిక్యూషన్ సాక్ష్యాలలో పెద్ద భాగం తపాలాలో పట్టుకొన్న ఉత్తరాలే. ఈ సంగతి తపాలా సోదరులు ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలె. ఉత్తరాన్ని విప్పు అధికారం 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో ఉండేది. 2023లో వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలో 9వ సెక్షనుగా అది మళ్ళీ ప్రత్యక్షమైనది. ఉత్తరం చేరవేయుట మన వృత్తిధర్మం. దానిని పోలీసు సాక్ష్యంగా మార్చుట మన వృత్తిధర్మం కాదు.

తెలుగు నేలపై 1974లో మోపబడిన సికింద్రాబాద్ కుట్ర కేసు 1989 వరకు సాగినది. రచయితలు, అధ్యాపకులు పదిహేనేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. చివరకు నిర్దోషులుగా తేలినారు. ఆ పదిహేనేళ్ళను వారికి ఎవరు తిరిగి ఇచ్చారు? కుట్ర కేసులో తీర్పు కన్న విచారణే శిక్ష. ఈ సూత్రం పాలకులకు బాగుగా తెలియును.

వడోదర మన పొరుగుననే ఉన్నది

సూరత్ నుండి ఉత్తరంగా పశ్చిమ రైల్వే ప్రధాన మార్గంపై కొద్ది గంటల ప్రయాణంలో వడోదర వస్తుంది. ఎమర్జెన్సీలో ఆ ఊరి పేరుతోనే “బరోడా డైనమైట్ కేసు” వచ్చినది. రైలు మార్గాలను, వంతెనలను పేల్చుటకు కుట్ర పన్నారన్నది అభియోగం. 1976 జూన్‌లో కలకత్తాలో అరెస్టయిన జార్జి ఫెర్నాండెజ్ మొదటి ముద్దాయి. పాత్రికేయుడు సి.జి.కె. రెడ్డి మరొక ముద్దాయి. 1976 సెప్టెంబరులో మొత్తం 25 మందిపై అభియోగపత్రం వేశారు. సంకెళ్ళతో ఉన్న ఫెర్నాండెజ్ చిత్రం దేశమంతటా తెలిసినదే. 1977 మార్చిలో ప్రభుత్వం మారగానే కేసు ఉపసంహరించబడినది. జైలులో నుండే ఆయన లోక్‌సభకు ఎన్నికైన నియోజకవర్గం ముజఫర్‌పూర్. మిశ్రాగారు ప్రాణాలు పోగొట్టుకొన్న నాడు ప్రారంభించవచ్చిన రైలు మార్గం చేరుకొనే ఊరు అదే. తరువాతి కాలంలో, 1989లో, ఆ “కుట్రదారుడే” దేశానికి రైల్వే మంత్రి అయినాడు.

ఈ కేసులో మన తెలుగువారికి తగిలిన గాయం మరొకటి ఉన్నది. నెల్లూరు జిల్లావాడైన తెలుగు కవి, చలనచిత్ర దర్శకుడు పఠాభి – పఠాభిరామిరెడ్డి – భార్య, నటి స్నేహలతా రెడ్డిని 1976 మే నెలలో ఈ కేసుకు సంబంధించియే నిర్బంధించి, బెంగుళూరు సెంట్రల్ జైలులో ఎనిమిది మాసాలు ఉంచినారు. ఆమె ఉబ్బస రోగి. తగిన వైద్యం అందలేదు. చివరి అభియోగపత్రంలో ఆమె పేరే లేదు! పెరోలుపై బయటకు వచ్చిన కొద్దిరోజులకే, 1977 జనవరి 20న, ఆమె మరణించారు. నేరం మోపబడలేదు, విచారణ జరగలేదు, తీర్పు రాలేదు. మరణశిక్ష మాత్రం అమలైనది. ఇంతకన్న కుట్ర కేసుల స్వభావాన్ని విప్పి చెప్పగల ఉదాహరణ ఏమున్నది?

త్వరగా జరిగితే చాలునా?

సమస్తిపూర్ కేసు చూచి కొందరు “త్వరగా తేల్చి ఉరితీయవలె” అంటారు. త్వరపడిన కేసులనూ చూద్దాం. 1984 అక్టోబరు 31న ప్రధాని ఇందిరాగాంధీ హత్య జరిగినది. 1986లోనే ముగ్గురికి మరణశిక్ష విధించారు. హైకోర్టు దానిని ఖాయం చేసినది. 1988 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ ముగ్గురిలో ఒకరైన బల్బీర్ సింగ్‌ను పూర్తిగా నిర్దోషి అన్నది. రెండు కోర్టులు ఉరికంబం ఎక్కించదలచిన మనిషిని మూడవ కోర్టు ఇంటికి పంపినది. మిగిలిన ఇద్దరిలో కేహర్ సింగ్ కేంద్ర ప్రభుత్వ సరఫరాల శాఖలో ఉద్యోగి. అతడు తుపాకి పట్టినవాడు కాడు. కుట్రలో పాలుపంచుకొన్నాడన్నది అభియోగం. ఆ సాక్ష్యం ఉరికి చాలదని దేశంలో ప్రముఖ న్యాయవాదులు ఎలుగెత్తినారు. 1989 జనవరి 6న అతనిని ఉరితీశారు. రేపు మరొక సాక్ష్యం బయటపడితే తీర్పు మార్చవచ్చును. మనిషిని లేపలేము.

1991 మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగినది. 1998 జనవరిలో టాడా కోర్టు 26 మందికి, అనగా తన ఎదుట నిలిచిన ముద్దాయిలందరికీ, మరణశిక్ష వేసినది. 1999 మేలో సుప్రీంకోర్టు వారిలో 19 మందిని హత్యాకుట్రలో దోషులు కారని విడిచిపెట్టినది. నలుగురికి మాత్రమే ఉరి ఖాయం చేసినది. ఆ నలుగురిలో ఒకడైన పేరరివాళన్ అరెస్టయిన నాటికి పంతొమ్మిదేళ్ళవాడు. టాడా చట్టం పోలీసు అధికారి వ్రాసుకొన్న ఒప్పుకోలును సాక్ష్యంగా అనుమతించినది. అతని ఒప్పుకోలు వ్రాసిన అధికారియే, పదవీ విరమణ తరువాత 2013లో, అతడు చెప్పిన మాటలను తాను పూర్తిగా వ్రాయలేదని బహిరంగంగా అంగీకరించాడు. 2022 మే 18న సుప్రీంకోర్టు ఉత్తర్వుపై అతడు విడుదలైనాడు. ముప్పయి సంవత్సరాలకు పైగా అతని జీవితం జైలులోనే గడిచినది.

నత్తనడక, తొందరపాటు – రెండూ ఒకే జబ్బు లక్షణాలు. దర్యాప్తు నిజాన్ని వెదకుట మాని, ముందుగా వ్రాసుకొన్న కథకు మనుషులను వెదకుటయే ఆ జబ్బు.

పల్సానాకు దీనితో ఏమి పని?

పల్సానా చిన్న తాలూకా కేంద్రం. తాలూకాలోని చల్తాన్, గంగాధరా స్టేషన్ల మీదుగా ఉధ్నా–జల్‌గావ్ మార్గం సాగుతుంది. చుట్టూ బట్టల మిల్లులు, అద్దకం కార్ఖానాలు. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకొని సూరత్ ప్రాంతానికి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఈ పరిశ్రమలలో బ్రతుకుతున్నవి. వారి ఉత్తరాలు, మనియార్డర్లు చేరవేసినవారు తపాలా ఉద్యోగులు. పండుగకు వారిని ఊరికి చేర్చేవారు రైల్వే ఉద్యోగులు. వీరందరికీ మంత్రుల హత్యతో సంబంధం లేదు. కాని చట్టంతో ఉన్నది.

గుజరాత్‌లో 2019 డిసెంబరు 1 నుండి ఉగ్రవాద, వ్యవస్థీకృత నేర నియంత్రణ చట్టం అమలులో ఉన్నది. టాడా 1995లో గడువు తీరి పోయినది గాని, దాని ప్రాణం ఇందులో ఉన్నది. సూపరింటెండెంటు స్థాయికి తగ్గని పోలీసు అధికారి ఎదుట ఇచ్చిన ఒప్పుకోలు ఈ చట్టం క్రింద సాక్ష్యమవుతుంది. చాటుగా విన్న సంభాషణలూ సాక్ష్యమవుతవి. గుజరాతీ చదువరాని ఒక తెలుగు కార్మికుడు, తనకు అర్థంకాని భాషలో వ్రాసిన కాగితంపై సంతకం చేస్తే, అది అతని ఒప్పుకోలు కాదని నిరూపించగల వకీలు అతనికి ఎక్కడ దొరుకుతాడు? సమస్తిపూర్ ముద్దాయిలలో ఒకడు స్వయంగా న్యాయవాది. అతనికే నలభై ఏళ్ళు పట్టినది. అద్దకం కార్ఖానా కూలికి ఎన్నేళ్ళు పడుతుంది?

ఉద్యోగులమైన మనకూ ఇది వర్తిస్తుంది. రైల్వే క్రమశిక్షణా నిబంధనలలోని 14(ii), తపాలా ఉద్యోగులకు వర్తించు 1965 నిబంధనలలోని 19(ii) విచారణ లేకుండానే డిస్మిస్ చేయుటకు అధికారులకు వీలు కల్పిస్తున్నవి. 1974 సమ్మెలో మనపై ప్రయోగించినది ఇదే. 1985లో తుల్సీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని సమర్థించినది. కుట్ర కేసులో సాక్ష్యం లేకుండా అనుమానం, శాఖాపరమైన చర్యలో విచారణ లేకుండా డిస్మిసల్ – ఈ రెండూ కవలలు. ఇతరుల విషయంలో మొదటిదానిని సహించినవానికి తన విషయంలో రెండవదానిని ఎదిరించు నైతిక బలం ఉండదు. ఆనందమార్గీయులు మనవారు కారు కనుక మనకెందుకని అడిగిన సోదరులకు ఇదే నా జవాబు. హక్కు అనునది మనవారికి ఒకటి, పరాయివారికి ఒకటిగా పంచిపెట్టు రేషను సరుకు కాదు.

మన కోర్కెలు

కావున ప్రతి శాఖా తమ సర్వసభ్య సమావేశంలో ఈ క్రింది కోర్కెలపై తీర్మానాలు చేసి పంపవలసినదిగా కోరుతున్నాము.

ఒకటి: క్రింది కోర్టులో విచారణకు చట్టబద్ధమైన గడువు విధించవలె. న్యాయమూర్తుల ఖాళీలు వెంటనే నింపవలె. సాక్షులను విన్న న్యాయమూర్తియే తీర్పు చెప్పునట్లు బదిలీలను క్రమపరచవలె.

రెండు: పోలీసు అధికారి ఎదుట ఇచ్చిన ఒప్పుకోలును సాక్ష్యంగా అనుమతించు నిబంధనలను, గుజరాత్ చట్టంలోనిదానితో సహా, రద్దు చేయవలె.

మూడు: అప్రూవరు సాక్ష్యానికి స్వతంత్రమైన బలం ఉండవలెనన్న కొత్త చట్టపు మాటను కోర్టులు అక్షరాలా పాటించవలె.

నాలుగు: ఏళ్ళ తరబడి నిర్బంధంలో ఉండి నిర్దోషులుగా తేలినవారికి పరిహారం హక్కుగా ఇవ్వవలె.

ఐదు: విచారణ లేకుండా డిస్మిస్ చేయు 14(ii), 19(ii) నిబంధనలను తొలగించవలె.

ఆరు: పరభాషా ప్రాంతంలో నిందితుడైన కార్మికునికి అతని భాషలో అభియోగం, దుబాసీ, న్యాయసహాయం మొదటి గంట నుండి అందవలె. ఈ విషయంలో సూరత్, పల్సానా ప్రాంతాల తెలుగు కార్మికులకు మన శాఖలు చేయూత ఇవ్వవలె.

సోదరులారా! సమస్తిపూర్ ప్లాట్‌ఫారంపై కూలిన రైల్వే గుమాస్తా కుటుంబానికి పరిహారం ఉత్తర్వు నలభై ఏళ్ళకు వచ్చినది. నిజం ఇంకను రాలేదు. తమవారిని చంపినది ఎవరో హతుల కుటుంబాలకు రూఢిగా తెలియదు. తాము చేసిన నేరమేమో తెలియదని ముద్దాయిలు అంటున్నారు. దర్యాప్తు చేసినవారెవరూ ఎవరికీ జవాబు చెప్పుకొనలేదు. ఇట్టి విచారణను న్యాయమని ఒప్పుకొనుటకు కార్మికవర్గం సిద్ధంగా లేదు. నేరానికి శిక్ష పడవలె, అది నేరం చేసినవానికే పడవలె, బ్రతికి ఉండగా తేలవలె. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా అది న్యాయం కాదు. ఈ మాటను నిర్భయంగా చెప్పగల సంఘమే రేపు తన సభ్యుని పక్షాన నిలబడగలదు.

వర్ధిల్లాలి రైల్వే, తపాలా ఉద్యోగుల ఐక్యత!
వర్ధిల్లాలి కార్మికవర్గ సౌహార్దం!